కార్డు అక్కది, ప్రాసెసర్ నాది

మా ఇంట్లో ఫ్రిజ్ అమ్మది, అందులో వెలిగే బల్బు నాన్నది. పాత బల్బు మాడిపోతే కొత్తది నాన్న కొనుక్కొచ్చి పెట్టాడు. ఆ తర్వాత ఏదో మాటల్లో అమ్మ ఆయన్ని నలుగురి ముందు తీసిపారేసిందని, ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, ఆ బల్బు విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పటి నుంచి మా ఫ్రిజ్‌లో చీకటే. ఏది పాల గిన్నో ఏది నీళ్ళ సీసానో చేత్తో తడిమి తెలుసుకోవాలి.

ఇది చెబితే జనం నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం పోయింది. సోఫా నాన్నది, దాని మీది దిండ్లు అమ్మవి. అలిగిన రోజు అమ్మ దిండ్లన్నీ చంకన పెట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయేది. నాన్న ఉత్త చెక్క మీద కూర్చుని "అబ్బ, హాయిగా ఉంది" అనేవాడు. ఒకప్పుడు ఇద్దరూ విడిపోదామని వకీలు దగ్గరికి వెళ్ళారట. ఫ్లాట్ ఇద్దరి పేరునా ఉంది, ఒకళ్ళు వదులుకోవాలి అన్నాడట ఆయన. వదులుకోవడమా, మా వాళ్ళా! తిరిగొచ్చి అదే ఫ్లాట్‌లో ఉంటూ సామాన్లన్నీ పంచుకున్నారు. ఎవరు కొన్నది వాళ్ళది, కోపం వస్తే ఎవరిది వాళ్ళు తీసేసుకోవచ్చు. మేమిద్దరం ఆడపిల్లలం ఆ పద్ధతిలోనే పెరిగాం. చిన్నప్పుడు అక్కా నేనూ పోట్లాడుకుంటే, అది నా జడకు పెట్టిన తన రిబ్బను లాక్కుని పోయేది. నేను విరబోసుకున్న జుట్టుతోనే బడికి పోయేదాన్ని.

ఒక ఎండాకాలం మొదట్లో నాన్న టీవీ పాడైంది. బాగు చేయిస్తే అమ్మ కూడా చూస్తుందని నాన్న చేయించలేదు. కొత్తది కొంటే నాన్న కూడా చూస్తాడని అమ్మ కొనలేదు. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మెకానిక్ ఆయన, ఆస్పత్రిలో మందుల కౌంటర్ దగ్గర బిల్లులు కొట్టే మనిషి ఆవిడ. పనుల నుంచి రాగానే ఇద్దరూ ఆ నల్లటి టీవీ ముందు కూర్చుని గోడలకేసి చూసేవాళ్ళు. అదను చూసి అక్క కంప్యూటర్ మాట ఎత్తింది. సినిమాలు వస్తాయి, మేం గేమ్ ఆడుకుంటాం, తలా ఒక ముక్క కొందాం, ఎవరి ముక్క వాళ్ళదే.

"కంప్యూటర్ ముక్కలుగా కూడా అమ్ముతారా?" అంది అమ్మ. ఆవిడ మొహం అంతలా వికసించడం నేను చాలాకాలం తర్వాత చూశాను.

అక్క కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేసేది. నేను కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో ఉండేదాన్ని. ఇద్దరికీ ఒకటే గది, ఒకటే పిచ్చి. అయిదుగురు అయిదుగురు జట్లుగా కాల్చుకునే గేమ్ ఒకటి, నెట్ సెంటర్‌లో గంటల లెక్కన ఆడేవాళ్ళం. సొంత కంప్యూటర్ అనేసరికి మాకు నిద్ర పట్టలేదు.

నలుగురం కలిసే వెళ్ళాం షాపుకి. ఒక పాత కాంప్లెక్స్ కింద సెల్లార్‌లో ఉండేది. షాపాయన చెవి వెనకాల ఎప్పుడూ స్క్రూడ్రైవర్ ఉండేది కాబట్టి కుర్రాళ్ళందరూ ఆయన్ని స్క్రూ బాబాయ్ అనేవాళ్ళు.

"గేమ్ ఆడాలి బాబాయ్, తక్కువలో కావాలి" అంది అక్క.

"ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పడవు తల్లీ" అని నవ్వి, కౌంటర్ మీద డబ్బాలు ఒక్కొక్కటే పేర్చాడు. "ఇది మదర్‌బోర్డు. మిగతావన్నీ దీని మీదే కూర్చుంటాయి."

"తల్లి మీదెక్కి కూర్చోవడం ఇక్కడ కూడా ఉందన్నమాట" అంది అమ్మ, నాన్న వైపు చూడకుండా.

నాన్న ఆ మాట విననట్టే, ఈ ముక్కలన్నీ లోపల బిగించే పై డబ్బాలు చూడటం మొదలుపెట్టాడు. రేకు నొక్కి చూశాడు, తలుపు తెరిచి మూసి చూశాడు, పక్కన అద్దమూ లోపల రంగు దీపాలూ ఉన్న డబ్బా ఒకటి తీసుకున్నాడు. దాంతోపాటు కరెంటు ఇచ్చే పెట్టె, అదే ఎస్సెంపీయెస్, రెండు మూడు చేత్తో ఎత్తి చూసి బరువైనది పట్టుకున్నాడు. "కరెంటు దగ్గర కక్కుర్తి పడకూడదు. లిఫ్టులో మనుషులు చచ్చేది అక్కడే" అన్నాడు. అమ్మ మానిటర్ తీసుకుంది, కోపమొస్తే ఒక్క చేత్తో గదిలోకి పట్టుకుపోవచ్చని. ఆ మాట పైకే అంది. అక్క గ్రాఫిక్స్ కార్డు ఎంచుకుంది. "రేపు అమ్ముకోవాల్సి వచ్చినా దీనికే విలువ" అని నా చెవిలో చెప్పింది. బోర్డు, ప్రాసెసర్, మెమరీ, డిస్కు నాకు మిగిలాయి. విడిగా దేనికీ పనికిరాని సరుకంతా నా వాటా.

బాబాయ్ నా ముందు రెండు ప్రాసెసర్లు పెట్టాడు. "రెంటిదీ ఒకటే వేగం. దీంట్లో బొమ్మ చూపించే ఏర్పాటు లోపలే ఉంది. దాంట్లో లేదు, పక్కన కార్డు ఉంటేనే తెర వెలుగుతుంది. అందుకే కాస్త చవక."

నేను మొదటిదాని మీద చెయ్యి వేశాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. "కార్డు ఎలాగూ ఉంది కదే. ఒక్క పనికి ఇద్దరెందుకు? ఆ తేడా నాకిస్తే ఇంకో మెట్టు పై కార్డు వస్తుంది. ఆడుకునేది ఇద్దరమేగా."

"ఎప్పుడైనా కార్డు లేకపోతే..." అని బాబాయ్ ఏదో అనబోయాడు.

"ఎందుకుండదు? కాళ్ళొచ్చి పోతుందా?" అంది అక్క.

చవకలో గేమ్ ఆడాలనుకునే వాళ్ళెవరైనా అదే ప్రాసెసర్ తీసుకుంటారు, తప్పేం లేదు. లోకంలో అందరి ఇళ్ళకీ అది సరిపోతుంది. సరిపోనిది ఒక్క మా ఇంటికే. ఫ్రిజ్‌లో చీకటి తడుముకుంటూ పెరిగినదాన్ని, నాకా మాత్రం తట్టొద్దూ? తట్టలేదు. అది "ఇద్దరం" అంది, నేను కరిగిపోయాను. చవకది తీసుకున్నాను, మిగిలింది దాని చేతిలో పెట్టాను.

బిల్లు దగ్గర బాబాయ్ పెన్ను కింద పెట్టేశాడు. "ఒక్క కంప్యూటర్‌కి నాలుగు బిల్లులా? ఏమిటమ్మా, ఇది కాపురానికి వెళ్తోందా?"

"మీకెందుకండీ, రాయండి" అన్నారు అమ్మా నాన్నా ఒకేసారి.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీదే బిగించాం. అక్క చెయ్యి వణకని చెయ్యి. అద్దం అంచు వెంట్రుకవాసి తేడా రాకుండా అరగదీసే పని కదా. ప్రాసెసర్ దాని గూట్లో కూర్చోబెట్టింది, ఫ్యాను బిగించింది, ఆఖర్న తన కార్డు తొడిగింది. స్విచ్ వేయగానే తెర వెలిగింది. "నా కరెంటు" అన్నాడు నాన్న. "నా తెర" అంది అమ్మ. అని ఇద్దరూ నవ్వారు. నేనూ అక్కా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వీళ్ళు నవ్వుతారని మాకు ఎవరూ చెప్పలేదు.

నాలుగు వారాలు ఇల్లు ఇల్లులా ఉంది. అబద్ధం ఎందుకు, నాకు ఆ రోజులు నచ్చాయి. సాయంత్రం వాళ్ళ సినిమా, పొద్దున్నే మా గేమ్. అక్క ఆటలో కూడా ఒంటికాలి మీద లేచే రకం, తలుపు కనపడితే తన్నుకుంటూ లోపలికి దూకేది. నేను మూల పట్టుకుని కూర్చుని ఎవడెటు కదులుతున్నాడో చూసేదాన్ని. "ముసలమ్మలా ఆ నక్కడం ఏమిటే" అని అది ఏడిపించేది. "నువ్వు ముందు చస్తే నీ తుపాకీ ఏరుకోవడానికి" అనేదాన్ని.

తర్వాత మామూలే. నాన్న మూడంతస్తుల మెట్లెక్కి రొప్పుతుంటే అమ్మ పక్కింటావిడతో "ఊరందరికీ లిఫ్టులు, మా ఆయనకి మాత్రం మెట్లే" అంది. ఆ సాయంత్రం ఆవిడ చూస్తున్న సినిమాలో హంతకుడు ఎవరో తేలబోయే క్షణంలో నాన్న మెయిన్ ఆపి, డబ్బా తెరిచి, ఎస్సెంపీయెస్ విప్పి మంచం కింద పెట్టుకున్నాడు. మర్నాడు అమ్మ పనికి వెళ్తూ మానిటర్‌ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసుకుపోయింది. అక్క నాన్న కాళ్ళు పట్టుకుంటే నేను అమ్మ గడ్డం పట్టుకునేదాన్ని. ఆ రెండు వస్తువులూ ఒకేసారి బయటికి రప్పించేసరికి మా తల ప్రాణం తోకకొచ్చేది. హంతకుడు ఎవరో అమ్మకి ఇప్పటికీ తెలియదు. నాన్న చూశాడు, చెప్పడు.

ఎండలు ముదిరాక అసలు సంగతి వచ్చింది. గేమ్‌లో మాతో తరచూ ఆడే ఒక జట్టు నాయకుడు ఉండేవాడు. ఫొటోలో గుండుతో ఉంటాడని అతన్ని గుండన్న అనేవాళ్ళం. మొహం ఎదురుగా ఎప్పుడూ చూడలేదు, హెడ్‌ఫోన్‌లో గొంతే. ఒక కంపెనీ పోటీ పెడుతోందని, గెలిచిన జట్టుకి ఏడాదిపాటు ఇంకో ఊళ్ళో ఇల్లిచ్చి, జీతమిచ్చి ఆడిస్తారని చెప్పాడు. వాళ్ళు నలుగురే ఉన్నారు, అయిదో మనిషి కావాలి.

ఇంకో ఊరు. ఇల్లు. ఆ ఇంట్లో దిండు ఎవరిదని ఎవరూ అడగరు. నాకు అంతకు మించి ఇంకేం అక్కర్లేకపోయింది. గెలుపూ వద్దు, పేరూ వద్దు, ఆ తలుపు తీసుకుని బయటపడితే చాలు. అక్కకీ అదే కావాలని నాకు తెలుసు. ఇద్దరం విడివిడిగా కొన్ని రోజులు అతని జట్టుతో ఆడి చూపించాం.

ఫలితం చెప్పే రోజు స్పీకర్ పెట్టుకుని పక్కపక్కనే కూర్చున్నాం.

"చిన్నమ్మాయిని తీసుకుంటున్నాం" అన్నాడు గుండన్న. "పెద్దమ్మాయి బాగా కాలుస్తుంది, కాదనను. కానీ పక్కవాడు చస్తున్నా తిరిగి చూడదు చెల్లీ. అలాంటి వాళ్ళతో ఒకే ఇంట్లో ఉండటం కష్టం." తర్వాత పోటీ షరతులు చదివాడు. ఎవరి పేరు ఇచ్చారో వాళ్ళే ఆడాలి, వేరేవాళ్ళు ఆడినట్టు తేలితే జట్టు మొత్తాన్ని తీసేస్తారు.

అక్క నవ్వింది. "మంచిదే. వెళ్ళు, ఆడు" అంది. లేచి వెళ్ళి నా బట్టలు కూడా కలిపి ఉతికేసింది. నేను సంతోషంలో మునిగి ఉన్నాను, దాని మొహం చూడలేదు.

ముందు మ్యాచ్‌లన్నీ నేనే ఆడాను, గెలుస్తూ వచ్చాం. ఆఖరి మ్యాచ్ ఆదివారం మధ్యాహ్నం. తలస్నానం చేసి, హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని, అరగంట ముందే వచ్చి స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. రంగు దీపాలు వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉంది. తీగ ఊడిందేమోనని డబ్బా వెనక్కి చెయ్యి పెట్టాను. తీగ ఊరికే వేలాడుతోంది. పక్క అద్దంలోంచి చూస్తే కార్డు ఉండాల్సిన చోట ఖాళీ.

అక్క మా గదిలో మంచం మీద కాళ్ళు చాపుకుని తల దువ్వుకుంటోంది. కార్డు దాని ఒళ్ళో ఉంది, చున్నీలో చుట్టి.

"అక్కా, ఏంటిది? అరగంటలో మ్యాచ్!"

"అయితే?"

"కార్డు ఇయ్యి."

"నాది కదే."

"నీదే, ఎవరు కాదన్నారు? ఈ ఒక్క పూటకి..."

"నీ ప్రాసెసర్‌తో ఆడుకో. ఒకటే వేగంట కదా రెండూ" అంది దువ్వెనలో జుట్టు తీసి చుట్ట చుడుతూ. మీద పడి లాక్కుందామనుకున్నాను, కానీ అది కార్డుని రెండు చేతుల్తో విరవడానికి సిద్ధంగా పట్టుకుంది. విరిచేసేదే. దాన్ని నేను ఎరుగుదును.

హాల్లోకి పరిగెత్తి అమ్మనీ నాన్ననీ పిలిచాను. ఏడుస్తూనే చెప్పాను అంతా. వాళ్ళు ఇద్దరూ వచ్చి మా గది గుమ్మంలో పక్కపక్కనే నిలబడ్డారు.

"దాని వస్తువు అది తీసుకుంది. అందులో తప్పేముంది?" అన్నాడు నాన్న.

"నేనూ అదే అంటున్నాను" అంది అమ్మ.

"అడిగి ఇప్పించుకోవాలి కానీ, ఏడిస్తే ఎలా?"

"అదే మరి. అంత అవసరమైనది తనే కొనుక్కోవాల్సింది."

ఒకరి మాట ఒకరు అందుకుంటున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదలు. చెప్తూ చెప్తూ అమ్మ నాన్న చొక్కా భుజం మీది దారప్పోగు తీసింది. ఆయన ఊరుకున్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చింది. నేను నేల మీద కూర్చుని వెక్కుతుంటే, వాళ్ళు సోఫాలో కూర్చుని చెరో కప్పూ తాగారు.

స్క్రూ బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆదివారం షాపు మూత, ఆయన ఊళ్ళో లేడు. నెట్ సెంటర్‌కి చేశాను. సెలవులకి పిల్లలతో కిక్కిరిసి ఉంది, ఒక్క సీటు లేదన్నారు. గుండన్న నుంచి ఒకదాని వెంట ఒకటి కాల్స్. "ఎక్కడున్నావు చెల్లీ? నువ్వు లేకపోతే నలుగురితో ఒప్పుకోరు. ఇంటికి పంపేస్తారు."

అప్పుడు అక్క గుమ్మంలోకి వచ్చింది. "కార్డు పెడతాను. కానీ మౌస్ నేను పట్టుకుంటాను" అంది. "మాట్లాడాల్సింది నువ్వే కదా, మాట్లాడుకో. నీ పేరే ఉంటుంది. ఆడేది మాత్రం నేను."

దాని ముందు చేతులు జోడించాను. నిజంగానే జోడించాను. అది గోళ్ళు చూసుకుంటూ నిలబడింది, నేను ఒప్పుకునే దాకా.

సరే, ఆడాం. హెడ్‌ఫోన్ నాకు, కుర్చీ దానికి. నేను దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "ఆగు, ఆగు, వెనక్కి రా, కుడి పక్క మెట్ల మీద ఇద్దరున్నారు" అని చెవిలో గొణుగుతూ, మైకు తెరిచి మిగతా నలుగురితో మాట్లాడుతూ. నేను ఆగమంటే ఆగింది. వెళ్ళమంటే వెళ్ళింది. దాని చేతికి నా కళ్ళు తోడైతే ఎలా ఉంటుందో ఇద్దరికీ అప్పటిదాకా తెలియదు. నాన్న లేచి వచ్చి వెనక నుంచి ఫోన్లో వీడియో తీశాడు, "మా పెద్దది చూడు, ఎలా కుమ్ముతోందో" అంటూ. ఆఖరి రౌండ్‌లో మా వైపు అది ఒక్కతే మిగిలింది, అటు ముగ్గురు. నేను "ఇప్పుడు" అన్నాను. అది ముగ్గుర్నీ కొట్టింది.

ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని గెంతాం. దాని కళ్ళల్లో నీళ్ళు. నా కళ్ళల్లోనూ. ఒక్క నిమిషం పాటు నాకు ఏదీ గుర్తు లేదు, ఒట్టు. గుండన్న హెడ్‌ఫోన్‌లోంచి బయటికి వినపడేలా అరుస్తున్నాడు, "చెల్లీ, ఇవాళ చంపేశావ్!" అని.

అది విని అక్క గెంతడం ఆపింది.

మరి వెళ్ళేది ఎవరు? ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న పంచాయితీ పెట్టాడు. ఆయనకి అదంటే మహా ఇష్టం.

"పేరు ఎవరిది?"

"నాది" అన్నాను.

"కొట్టిన చేతులు?"

"నావి" అంది అక్క.

"చెప్పింది నేను కదా, నా మాట వినకపోతే..."

"మాటకి ఏముందే, మాట అందరూ చెప్తారు" అంది అమ్మ.

నాన్న చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. పేరున్న మనిషే వెళ్ళాలి కాబట్టి చిన్నది వెళ్తుంది. పెద్దదానికి నష్టం జరిగింది కాబట్టి చిన్నది తన బోర్డూ ప్రాసెసరూ మిగతా సామానూ దానికి వదిలిపెట్టాలి. అమ్మ "న్యాయంగా ఉంది" అంది. నాకు నవ్వొచ్చింది. ఎగిరి గంతేశాను. వదిలిపెట్టడం ఏమిటి, "నీకు ఇచ్చేశానే అక్కా, సంతోషంగా ఇచ్చేశాను" అని దాని చెయ్యి పట్టుకుని చెప్పాను. మా ఇంట్లో ఒకళ్ళు ఇంకొకళ్ళకి మనస్ఫూర్తిగా ఇచ్చిన వస్తువు అంతకు ముందు ఏదైనా ఉందేమో, నాకు గుర్తు లేదు.

ఆ వారమంతా అక్క మంచిగానే ఉంది. నా బట్టలు ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దింది. తన కొత్త చెప్పులు నా పెట్టెలో పెట్టింది. "అక్కడ నీకు ఎవరూ ఉండరు కదే" అని తల నిమిరింది. జిరాక్స్ షాపులో మానేస్తానని చెప్పేశాను. ఆఖరి రోజు లెక్కలన్నీ అప్పజెప్పడానికి వెళ్ళాను.

ఎవరో విద్యార్థి పుస్తకం తిరగేసి మిషన్ మీద పెడుతున్నాను, గుండన్న ఫోన్. ఎప్పుడూ అరిచే మనిషి, ఆ రోజు గొంతు చాలా మెల్లగా ఉంది.

"మమ్మల్ని తీసేశారు చెల్లీ. మొత్తం జట్టుని. ఆడింది నువ్వు కాదట. మీ అక్కే రాసి పంపింది, వీడియోతో సహా."

మిషన్ ఖాళీ కాగితాలు తీస్తూ పోతోంది.

"ఒకడు ఉద్యోగం మానేసి వచ్చాడు. ఇంకొకడు అద్దిల్లు ఖాళీ చేసి అడ్వాన్సు కూడా వెనక్కి తీసుకున్నాడు. మేం మీకేం చేశాం? పోనీ మీ అక్కకి నీ మీద కోపం. మీ ఇంట్లో ఇంకెవరూ లేరా, అది పంపుతుంటే వద్దనడానికి?"

"ఉన్నారు" అన్నాను. "ఇద్దరు ఉన్నారు."

తర్వాత తెలిసింది, వద్దనడం మాట అటుంచండి, అక్క రాసిన దాంట్లో తప్పులు అమ్మ దిద్దిందట. రోజంతా బిల్లులు కొట్టే మనిషి కదా, అక్షరం తేడా వస్తే ఊరుకోదు. ఊరికే రాస్తే ఎవరు నమ్ముతారు, రుజువు ఉండాలని నాన్న తన ఫోన్లోంచి వీడియో ఎక్కించి ఇచ్చాడట. నేనిచ్చిన ప్రాసెసర్ మీద, అక్క కార్డుతో, అమ్మ తెర మీద, నాన్న కరెంటుతో పని పూర్తయింది. ఎవరూ ఏ ముక్కా తీసుకోలేదు ఆ రోజు.

షాపు నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. మూడంతస్తులు ఎక్కాను. తలుపు తీసే ఉంది. ముగ్గురూ సినిమా చూస్తున్నారు. సోఫాలో దిండ్లు ఉన్నాయి. ఏదో హాస్యం సన్నివేశం, నాన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, అమ్మ ఆయన మోచెయ్యి మీద కొడుతోంది.

"వచ్చావా? రా రా, ఇప్పుడే మొదలైంది" అంది అమ్మ, పక్కకి జరిగి చోటిస్తూ.

నేను నిలబడే ఉన్నాను. అక్క లేచి, మంచినీళ్ళకన్నట్టు వంటింట్లోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. చెంప పగలగొడదామనే వెళ్ళాను. చెయ్యి ఎత్తాను కూడా.

"నా మీద కుళ్ళుతో చేశావు కదూ? చెప్పు. ఆ మాట నీ నోటితో చెప్పు, చాలు."

అది చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి, నా మొహంలోకి చూస్తూ, మామూలు గొంతుతోనే అంది.

"కుళ్ళు ఉంటే ఆ రోజు ఓడిపోయేదాన్ని కదే. నువ్వు ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్ళిపోతే, వీళ్ళిద్దరి మధ్యా నేను ఒక్కదాన్ని చావాలా? నాకెవరున్నారే ఇక్కడ, నువ్వు తప్ప?"

ఎత్తిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియలేదు నాకు. కుళ్ళు అని ఉంటే కొట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏ ఆరు నెలలకో మర్చిపోయేదాన్ని. అది ప్రేమ అంది. ఇన్నేళ్ళయినా దాన్ని నేను క్షమించలేదు, అదీ నేనూ ఇంకా ఆ గదిలోనే ఉంటున్నాం.

ఆ ఎండాకాలం తర్వాత మా ఇంట్లో గొడవలు తగ్గాయి. ఎవరైనా అడిగితే అమ్మ, "పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, మేమూ మెత్తబడ్డాం" అంటుంది. చుట్టాలు ఇప్పుడు మా ఇంటికి వచ్చి రెండేసి రోజులు ఉండి వెళ్తున్నారు, మీ ఇల్లు చూస్తే ముచ్చటేస్తోంది అంటున్నారు.

ఆ సాయంత్రం అక్క నా చెయ్యి కిందికి దించి, గ్లాసు నీళ్ళు ఆ చేతిలోనే పెట్టింది. తాగి, హాల్లోకి వచ్చి, అమ్మ చూపించిన చోట కూర్చున్నాను. మౌస్ నా పక్కనే ఉంది.

"ఏమే చిన్నదానా, కాస్త సౌండు పెంచు" అన్నాడు నాన్న.

పెంచాను.